ఆరు సంచుల కేసు

సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయిన ఏడాదే పరశురాములు కోరుట్ల బస్సెక్కాడు. పద్దెనిమిదేళ్లుగా అతనికి తెలిసిన పని ఒక్కటే, పవర్‌లూమ్ మీద బట్ట నేయడం. ఆ మగ్గాలనే సిరిసిల్లలో సాంచాలంటారు. ఆర్డర్లు రాక, వాటి ఆసామి బాలయ్య తన ఎనిమిది సాంచాల్లో అయిదింటిని తుక్కు కింద అమ్మేశాడు. తను నడిపిన సాంచాను ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు పరశురాములు తనూ ఒక చెయ్యి వేశాడు. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

కోరుట్ల శివారులో దివాకర్ సేటు రైస్ మిల్లులో అతనికి కాపలా పని దొరికింది. మిల్లు వెనక ఒక రేకుల గది ఇచ్చారు. భార్య నవత కూడా వెంట వచ్చింది. సిరిసిల్లలో ఆమె కండెలు చుట్టేది, అంటే నూలును చిన్న గొట్టాలకు చుట్టి సాంచాలకు అందించే పని. మిల్లులో ఆమెకు చిరిగిన గోనె సంచులు కుట్టే పని ఇచ్చారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు తేజస్విని సిరిసిల్లలోనే అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది.

ఆ మిల్లుకు వచ్చే వడ్లు సర్కారువి. ఊళ్లలో రైతుల దగ్గర కొని పంపిస్తే, మిల్లు వాటిని బియ్యం ఆడించి తిరిగి అప్పజెప్పాలి. ఆగస్టులో అధికారులు తనిఖీకి వచ్చారు. యాసంగి, అంటే రబీ పంట వడ్లలో రెండు వేల నాలుగు వందల సంచులు తక్కువ తేలాయి. సేటుకు నోటీసు ఇచ్చి వెళ్లారు. మూడో రోజు పొద్దున, నల్లా దగ్గర బిందె నింపుతున్న పరశురాములును పోలీసులు జీపెక్కించారు.

నవత చేతిలో దబ్బనంతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది సార్? ఏం జేసిండు మా ఆయన?"

"వడ్లు ఎత్తుకపోయిండని మీ సేటే దరఖాస్తు ఇచ్చిండు" అన్నాడు జమేదారు.

"ఎన్ని వడ్లు సార్?"

"రెండు వేల నాలుగు వందల సంచులు."

నవతకు ముందు నవ్వొచ్చింది. ఎవరో పరాచికమాడుతున్నారనుకుంది. జీపు గేటు దాటి రోడ్డెక్కాక గానీ నమ్మలేదు.

దొంగసొత్తులో ఆరు సంచులు వాళ్ల గదిలో దొరికాయని ఎస్సై కాగితాల్లో రాశాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, రెండు సూట్‌కేసులు. ఆరు సంచుల వడ్లు పెడితే మనిషి పడుకోవడానికి జాగా ఉండదు. ఆ మాట నవత స్టేషన్‌లో చెప్పింది. ఎవరూ రాసుకోలేదు. సేటుకు ఇచ్చిన నోటీసు మాత్రం ఆ తర్వాత ముందుకు కదల్లేదు. దొంగ దొరికాడు కదా.

పరశురాములును జగిత్యాల జైలుకు పంపారు.

*

నవతకు వకీలును పెట్టుకునే తాహతు లేదు. న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా ఒక వకీలును ఇచ్చారు. పేరు శ్వేత. బీర్పూర్ రైతు బిడ్డ, వయసు ముప్పై కూడా ఉండదు. నల్లకోటు భుజాల దగ్గర వదులుగా ఉండేది. మొదటి రోజు నవత ఆమెను చూసి మనసులో, ఈ పిల్ల సేటుతో ఏం కొట్లాడుతుంది అనుకుంది.

శ్వేత ఇరవై రెండో రోజుకే బెయిల్ తెచ్చింది. నవత సంతోషం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

"బెయిల్ ఇచ్చిండ్రు అక్కా. కని ఇద్దరు జమానతుదార్లు, హామీ పడేటోళ్లు కావాలె" అంది శ్వేత. "పక్కా ఇల్లన్న ఉండాలె, భూమన్న ఉండాలె, లేకుంటె సర్కారు నౌకరి. గసొంటోళ్లు ఎవరన్న ఉన్నరా మీకు?"

నవత సిరిసిల్లకు పోయింది. అన్న కిరాయింట్లో ఉంటాడు. మరిది కిరాయింట్లో ఉంటాడు. పరశురాములుతో కలిసి సాంచాలు నడిపిన పన్నెండు మందిలో సొంత ఇల్లున్నవాడు ఒక్కడు, ఆ ఇంటికీ కాగితాలు లేవు. ఆఖరుకు బాలయ్య ఇంటికి పోయింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి చాయ్ పోయించాడు.

"వాడు దొంగ గాదు బిడ్డా. పద్దెనిమిదేండ్లు నా షెడ్డు తాళంచెవులు వాని దగ్గర్నే ఉన్నయి. కని నా ఇల్లు బ్యాంకుల కుదువ ఉన్నది. నేను జమానతు పడుతనన్నా కోర్టు ఒప్పుకోదు" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నవత ఇంకేం అడగలేకపోయింది.

అలా బెయిల్ కాగితం ఉండి కూడా పరశురాములు జైల్లోనే ఉన్నాడు. ఒక నెల దాటింది. ప్రతి వారం నవత జగిత్యాల పోయి ములాఖాత్ వరసలో నిలబడేది. ఆ వరసలో ఎప్పుడూ తనలాంటి వాళ్లే కనిపించేవారు. బీడీలు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, గల్ఫ్‌లో మొగుడున్న ఆడవాళ్లు. కారు దిగి ఆ వరసలో నిలబడ్డ మనిషిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. డబ్బున్నవాళ్లు తప్పే చెయ్యరా అని ఒకసారి శ్వేతను అడిగింది.

"చేస్తరక్కా. ఈ వరస దాకా రారు, గంతే" అంది శ్వేత.

ఆ వరసలోనే గంగమ్మ పరిచయమైంది. మేడిపల్లి ఆమెది. అరెకరం భూమి, రెండు బర్రెలు. కొడుకు సాయినాథ్ కల్లు దుకాణం దగ్గర కొట్లాటలో లోపలికొచ్చాడు. గంగమ్మ నిలబడినంతసేపూ కొడుకును తిట్టేది. తిట్టడం అయిపోయాక సంచిలోంచి జొన్నరొట్టె తీసి సగం నవత చేతిలో పెట్టేది. కొన్ని వారాలకు సాయినాథ్ విడుదలయ్యాడు. గంగమ్మ మళ్లీ కనబడలేదు.

*

అక్టోబరు మొదట్లో మిల్లు మేనేజర్ రవీందర్ సిరిసిల్లకు వచ్చాడు. నవత ఉంటున్న అన్న ఇంట్లో కుర్చీ మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"సేటు మనసు మంచిది చెల్లె. మీ ఆయన కోర్టుల తప్పయిందని ఒక్కమాట ఒప్పుకుంటె చాలు. లోపలున్న దినాలే శిక్ష కింద కట్టేస్తరట. తెల్లారి ఇంట్ల ఉంటడు. మల్ల మిల్లుల పని గూడ సేటే ఇస్తడు."

అతను పోయాక అన్న, వదిన, తల్లి అందరూ ఒకటే మాట అన్నారు, ఒప్పుకొమ్మని చెప్పు అని. నవత ఆ మాట మోసుకునే ములాఖాత్‌కు పోయింది. జాలీ అవతల పరశురాములు బాగా చిక్కిపోయాడు. ఆమె చెప్పింది విని తల వంచుకున్నాడు.

"లోపల అందరు గదే చెప్తున్నరు నవతా. ఒప్పుకున్నోడు పోతున్నడు. నేను జెయ్యలే అన్నోడు ఈడనే ఉంటున్నడు. ఒప్పుకుంట తియ్యి. నాకు బిడ్డను చూడాలనున్నది."

బస్సులో వచ్చేటప్పుడు నవత కూడా అదే నిర్ణయించుకుంది. తీరా అతని నోటి నుంచి విన్నాక ఆమెకు మనసొప్పలేదు.

"సేటు ఎందుకు మనిషిని పంపి బతిమిలాడిస్తున్నడో తెలుసా నీకు?" అంది. "నువ్వు దొంగవని ఒప్పుకుంటె ఆ రెండు వేల నాలుగు వందల సంచులు నీ మీద పడుతయి. ఆయన ఫైలు మూసేస్తరు. శ్వేత మేడం చెప్పింది. ఆయన దొంగతనం మొయ్యనీకి మనం గావాలె ఆయనకు."

"నేనేం జెయ్యాలె మరి?"

"నువ్వేం జెయ్యకు. ఇంక కొన్ని దినాలు ఓపిక పట్టు. బయట నేనున్న."

పరశురాములు ఆమెను తేరిపార చూశాడు. పదహారేళ్ల సంసారంలో ఆమె అంత గట్టిగా మాట్లాడడం అతనికి అదే మొదటిసారి. "సరే" అన్నాడు.

శ్వేత మరో దరఖాస్తు పెట్టింది. బెయిల్ వచ్చి నెల దాటినా పేదరికం వల్లే బయటకు రాలేకపోతున్నాడు, జమానతు తగ్గించండి అని వాదించింది. జడ్జి ఇద్దరి బదులు ఒక్కరు చాలన్నాడు. ఆ ఒక్కరూ దొరకలేదు. చివరికి నవత మేడిపల్లి బస్సెక్కి గంగమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. గంగమ్మ పొలంలో ఉంది. నవత చెప్పేది పూర్తిగా వినకుండానే చేతులు కడుక్కుని ఇంటి దారి పట్టింది.

"నా పాసుబుక్కు కోర్టు నుంచి వాపసచ్చింది బిడ్డా. మావోని కేసు లోక్ అదాలత్‌ల రాజీ అయింది. పా, పొద్దుగాల్ల బస్సుకే పోదాం."

"అవ్వా, రేపు ఏమన్నయితె నీ భూమి…"

"నీ మొగడు పారిపోతడా?"

"పోడు."

"మరింకేంది?"

డెబ్బై మూడో రోజు పరశురాములు బయటకు వచ్చాడు. గేటు ముందు తేజస్విని తండ్రిని చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. అది చూసి అతను ఏడ్చాడు. గంగమ్మ మాత్రం, ఏడ్చేటోళ్లు ఇంటికి పోయి ఏడ్వుండ్రి, బస్సు పోతది అని గదమాయించింది.

*

విచారణ ఫిబ్రవరిలో కోరుట్ల కోర్టులో మొదలైంది. రవీందర్ సాక్షి బోనెక్కి, కాపలావాడు కొద్దికొద్దిగా సంచులు దాటించాడని చెప్పాడు. శ్వేత లేచింది. ఆ రోజు ఆమె కోటు వదులుగా ఉన్న సంగతి నవతకు గుర్తే లేదు.

"దేని మీద దాటించాడు?"

"టీవీఎస్ ఎక్సెల్ బండి మీద మేడం."

"ఒక్కో సంచి నలభై కిలోలు. బండి మీద ఎన్ని పడతాయి?"

"రెండు."

"అంటే పన్నెండు వందల సార్లు గేటు దాటాడు. మీరు గేటు పక్క ఆఫీసులోనే కూర్చుంటారు కదా. ఎన్నిసార్లు చూశారు?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి కళ్లజోడు సర్దుకుని రాసుకున్నాడు. సర్కారు తరఫు వకీలు మాత్రం తొణకలేదు. ఎన్ని ఎత్తుకుపోయినా ఎత్తుకుపోయినట్టే, ఆరు సంచులు వాళ్ల గదిలో దొరికాయి కదా అన్నాడు. ఆ ఆరు సంచులనూ తెప్పించమని జడ్జి చెప్పాడు.

అటెండర్లు సంచులను ఒక్కొక్కటిగా లాక్కొచ్చి బల్ల ముందు వరసగా పెట్టారు. వెనక బెంచీలో గంగమ్మ పక్కన కూర్చున్న నవత వాటి వంక చూసింది. మొదట ఊరికే చూసింది. తర్వాత ముందుకు వంగి చూసింది. సంచి నడుమ పొడవునా ఆకుపచ్చ చార. ఆరింటికీ అదే చార.

నవత గంగమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అవ్వా, ఆ పచ్చగీత సంచులు నువ్వెప్పుడన్న చూసినవా?"

"ఎందుకు చూడలె? మొన్న వానకాలం వడ్లకు మా ఊరి వడ్లు కొనే సెంటర్ల గవే ఇచ్చిండ్లు. అంతకుముందు ఎర్రగీతవి ఉండె."

భోజనాల విరామంలో నవత శ్వేతను వరండాలో ఒక మూలకు తీసుకుపోయింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"మేడం, ఆ సంచులు మా ఆయనను పట్టుకపోయినప్పటివి కావు. నేను గా మిల్లుల మూడు నెలలు సంచులు కుట్టిన. అన్నిటికి ఎర్ర చారలే. పచ్చ చారది ఒక్కటి లేదు. ఇవి తర్వాత పంటకచ్చిన సంచులు."

"చార మీద రంగు తర్వాత ఎవరన్న వేసి ఉంటరేమో అంటరు అక్కా వాళ్లు."

"ఎట్లంటరు? అది అచ్చు గాదు, నేత. పడుగుల, అంటె నిలువు దారాలల్లనే రంగు దారం పోసి నేసిండ్లు. నేసినంక ఎవలు ఎయ్యలేరు, ఎవలు తియ్యలేరు. నా చేతులు నూలుల పుట్టినయి మేడం, నాకు తెల్వదా?"

శ్వేత ఫైలు తెరిచి తేదీలు చూసింది. సంచులు దొరికాయని రాసింది ఆగస్టు పందొమ్మిదిన. కోర్టులో జమ చేసింది డిసెంబరు నాలుగున. ఆమె ఫైలు మూసి నవతను ఒక్కసారి వాటేసుకుంది.

ఏ సంచులు జిల్లాకు ఎప్పుడొచ్చాయో చెప్పే రిజిస్టరుతో అధికారిని పిలిపించమని శ్వేత అడిగింది. సర్కారు వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఒప్పుకున్నాడు. మూడు వారాల తర్వాత ఆ అధికారి వచ్చి, రిజిస్టరు విప్పి చదివాడు. ఆకుపచ్చ చార సంచులు జిల్లాకు మొదటిసారి చేరింది నవంబరు పన్నెండున.

శ్వేత రవీందర్‌ను మళ్లీ బోనెక్కించింది.

"నవంబరులో వచ్చిన సంచులు ఆగస్టులో పరశురాములు గదిలో ఎలా దొరికాయి?"

రవీందర్, సేటు తరఫున వచ్చి కూర్చున్న మనిషి వంక చూశాడు. ఆ మనిషి ఫోను చూసుకుంటున్నాడు.

"సమాధానం చెప్పండి" అన్నాడు జడ్జి.

"ఆగస్టుల ఏం దొరకలేదు సార్" అన్నాడు రవీందర్. మాట చాలా చిన్నగా వచ్చింది. "కోర్టుకు సొత్తు గావాలంటె, ఆరు సంచులు నింపి పంపుమని సేటు చెప్పిండు. నేను నింపిచ్చిన. నాక్కూడ పిల్లలున్నరు సార్."

ముద్దాయి బోనులో నిలబడ్డ పరశురాములు కళ్లు మూసుకున్నాడు. నవతకు గట్టిగా అరవాలనిపించింది. కోర్టు కాబట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగమ్మకు ఆ అడ్డం లేదు. "చూసినవా బిడ్డా!" అని హాలంతా వినపడేలా అంది. అటెండరు ఆమెను గదిమాడు గానీ అతనూ నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి ఆఖరులో తీర్పు వచ్చింది. పరశురాములు నిర్దోషి. దొరకని సొత్తును దొరికినట్టు చూపించారని, రెండు వేల నాలుగు వందల సంచులు నిజంగా ఎటుపోయాయో కొత్తగా దర్యాప్తు జరగాలని జడ్జి రాశాడు. తీర్పు చదవడం అయ్యాక తల ఎత్తి పరశురాములు వంక చూసి, "నువ్వు వెళ్లవచ్చు" అన్నాడు. పరశురాములుకు అర్థం కాలేదు. ఏ తలుపు నుంచి అని అడిగాడు.

"ఏ తలుపు నుంచైనా" అన్నాడు జడ్జి.

ఆ సాయంత్రం గంగమ్మ వాళ్లనెవరినీ సిరిసిల్లకు పోనివ్వలేదు. మేడిపల్లిలో కోడిని కోయించింది. శ్వేత కూడా వచ్చింది. బాలయ్య సిరిసిల్ల నుంచి పాత సాంచాల వాళ్లందరినీ ఒక ఆటోలో కుక్కి తీసుకొచ్చాడు. సాయినాథ్ తాళ్లలోంచి కల్లు దింపించుకొచ్చాడు గానీ, తల్లి చూస్తోందని తను ముట్టుకోలేదు. తినేటప్పుడు తేజస్విని శ్వేత పక్కనే కూర్చుంది. వకీలు కావాలంటే ఏ కోర్సు చదవాలో, ఎన్నేళ్లు పడుతుందో వివరంగా అడిగి తెలుసుకుంది.

*

కొత్త దర్యాప్తు సాగింది. వడ్లు లారీలకెక్కి పక్క రాష్ట్రంలో అమ్ముడుపోయినట్టు తేలింది. లారీ డ్రైవర్లు ఒప్పుకున్నారు. మిల్లుకు తాళం పడింది. ఎండాకాలంలో దివాకర్ సేటును అరెస్టు చేశారు. పదకొండు రోజులే లోపలున్నాడు. జమానతు ఇవ్వడానికి ఎనిమిది మంది కాగితాలు పట్టుకుని వచ్చారట. ఆ మాట విని నవతకు కోపమొచ్చింది. పరశురాములు మాత్రం, పదకొండు రోజులన్న ఉన్నడు గద అన్నాడు.

సేటు కేసులో మొదటి సాక్షి పరశురాములే. జగిత్యాల కోర్టుకు అతను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని పోయాడు. బాలయ్య షెడ్డులో మళ్లీ పని మొదలైంది, ఆ రోజుకు సెలవు పెట్టాడు. ముద్దాయి చోట దివాకర్ సేటు నిలబడి ఉన్నాడు. అతని కోసం హైదరాబాద్ నుంచి పెద్ద వకీలు వచ్చాడు.

సర్కారు వకీలు అడగకముందే పెద్ద వకీలు మెల్లగా నడుస్తూ దగ్గరికి వచ్చాడు. "నువ్వు జైలుకు పోయొచ్చిన మనిషివి కదా?"

శ్వేత కుర్చీలోంచి సగం లేచింది. పరశురాములు తొందరపడలేదు. బోను కటకటాల మీద చేతులు ఆనించి, ముందు జడ్జి వంక, తర్వాత సేటు వంక చూశాడు.

"పోయిన సార్. డెబ్బై మూడు దినాలున్న. తప్పు ఒప్పుకుంటె ఇంకా ముందే పంపుతుండె, ఒప్పుకోలె. ఎందుకంటె నేను చెయ్యలె. ఇగ ఎవలు చేసిండ్రో చెప్పనీకే ఇయ్యాల అచ్చిన. అడుగుండ్రి."

పెద్ద వకీలు చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. సేటు తల దించుకున్నాడు. జడ్జి కలం తీసుకుని, మొదటి నుంచి చెప్పమన్నాడు.

పరశురాములు ఒక్క తేదీ కూడా తప్పకుండా చెప్పడం మొదలుపెట్టాడు.